నీలం పెట్టెలో నాలుగు చుక్కలు

కర్ర్... టక్. కర్ర్... టక్.

ఆసుపత్రి నడవలోకి మొదటిసారి అడుగుపెట్టిన రోజు నాకు ముందుగా వినిపించింది ఈ చప్పుడే. పైన రేకుల మీద సువా నగరపు వాన. ఆ వాన అడుగునుంచి, ఒక తలుపు సందులోంచి, తొందర లేకుండా మళ్ళీ మళ్ళీ అదే చప్పుడు. ఎవరో కొబ్బరి కోరుతున్నారనుకున్నాను. ఆసుపత్రిలో కొబ్బరి ఏమిటని నవ్వుకుంటూ తలుపు తోశాను.

కొబ్బరి కాదు. చెవి వెనక ఎర్ర మందారం పెట్టుకున్న భారీ మనిషి ఒకామె ఎత్తు స్టూలు మీద కూర్చుని, కుడిచేత్తో ఇనుప చక్రం తిప్పుతోంది. చక్రం ఒక చుట్టు తిరిగితే మైనపు దిమ్మ ఒకటి కిందికి దిగి, కత్తి అంచును తాకి, పైకి పోతోంది. తాకినప్పుడల్లా ఒక పల్చటి పొర విడిపోయి, వెనకటి పొర కొంగు పట్టుకుని రిబ్బనులా సాగుతోంది. పొద్దుటి పొగమంచులోంచి ఒక పోగు తీసినంత పల్చన.

"తలుపు వెయ్ అమ్మాయ్. గాలొస్తే నా రిబ్బను లేచి సముద్రం దాటిపోతుంది," అంది తల తిప్పకుండా.

అలా పరిచయమైంది అలుమిత. పందొమ్మిదేళ్ళ కిందటి మాట. అక్కడ రిపోర్టులు టైపు చేసే పని నాది. నా వేళ్ళ దాకా రాకముందే ప్రతి జబ్బూ ఆమె వేళ్ళ మధ్యనుంచి వచ్చేది.

ఆమెది ఒవలావ్ దీవి. చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని మొగలాకులు చీల్చడం నేర్చింది. ఆకు ఎంత సన్నగా చీలితే చాప అంత మెత్తన. ఇరవయ్యో ఏట ఆసుపత్రిలో సీసాలు కడగడానికి చేరింది. ఒకనాడు కోత యంత్రం మీద కూర్చునే ముసలాయనకు జ్వరమొచ్చింది. ఎవరూ చూడకుండా అలుమిత స్టూలెక్కి చక్రం తిప్పింది. పొర తెగకుండా వచ్చింది. ముసలాయన తిరిగొచ్చి చూసి, "ఇది ఎవరు కోశారు?" అని అరిచాడట. తిడతాడనుకుని ఆమె సీసాల వెనక దాక్కుంది. "ఎవరైతే వాళ్ళు రేపటినుంచి ఇక్కడే కూర్చోండి, నా కళ్ళు పోయాయి," అన్నాడట ఆయన. అలా కూర్చున్న మనిషి ముప్ఫై తొమ్మిదేళ్ళు లేవలేదు.

రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి చేసినది ఆ దిమ్మ. కోసిన పొరను గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలేది. ముడతలు పడ్డ పొర నీటి మీద నిదానంగా విచ్చుకునేది, నిద్రలో మనిషి ముఖం విచ్చుకున్నట్టు. అప్పుడు గాజు పలక ఒకటి కిందనుంచి తెచ్చి దాన్ని ఎత్తుకునేది. ఆ చేతులు వణకగా ఎవరూ చూడలేదు. తుఫాను వచ్చి కిటికీ అద్దం పగిలిన రోజు కూడా, గాజు పెంకుల మధ్య నిలబడే చేతిలోని పలకను నీళ్ళలోంచి ఎత్తి, "ఇప్పుడు కెవ్వుమందాం," అని అప్పుడు కెవ్వుమందట.

డాక్టర్ శాయల్ వచ్చాక ఆ గదికి కొత్త పని వచ్చింది. శాయల్ మా డాక్టరమ్మ. సూక్ష్మదర్శిని లోంచి చూసి జబ్బు పేరు చెప్పే మనిషి. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ ఒక్కొక్కరిలో ఉన్నచోటే ఎందుకు ఆగుతుంది, ఒక్కొక్కరిలో ఎందుకు పరుగెడుతుంది అన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. అందుకోసం పన్నెండేళ్ళ పాత దిమ్మలన్నీ అలుమిత చేత మళ్ళీ కోయించింది. ఒకనాడు టీ తాగుతూ చెప్పింది.

"ఒంట్లో ప్రతి కణం దగ్గరా జన్యువుల పుస్తకం ఒకటే ఉంటుందక్కా. ఏ కణం ఏ పేజీ చదువుతుందన్నదే తేడా. కొన్ని క్యాన్సర్ కణాలు మూసి ఉండాల్సిన పేజీ ఒకటి తెరిచి గట్టిగా చదువుతాయి. ఆ చదువు వినిపిస్తే దగ్గర్లో ఊటనీరు మోసే సన్నటి లింఫ్ నాళాలు వాటివైపు కొత్త కొమ్మలు వేస్తాయి. కణాలు ఆ కొమ్మల్లోకి దిగి ఒళ్ళంతా ఊరేగుతాయి."

అలుమిత బిస్కెట్టు టీలో ముంచి ఆలోచించింది. "అంటే మా చర్చి పాటగాళ్ళే. అందరి చేతిలో పుస్తకం ఒకటే. మా ఆయన తొమాసి మాత్రం ఎవరూ అడగని పాట ఎత్తుకుంటాడు. అది విని వీధిలో కుక్కలన్నీ గుమ్మం ముందుకొస్తాయి."

"అదే అక్కా! సరిగ్గా అదే."

"మరి తొమాసి నోరు మూయించే మందు కూడా కనిపెట్టు తల్లీ, ముందు నేనే కొంటాను."

లింఫ్ నాళపు గోడకు మాత్రమే అంటుకుని గోధుమరంగు తేల్చే మందు ఒకటి ఉండేది. చిటికెన వేలు గోరంత సీసా. సముద్రాలు దాటి వచ్చేది. వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. ఆ మందు వేశాక సూక్ష్మదర్శినిలో చూస్తే, మడ అడవి మీద పోటు దిగినప్పుడు బయటపడే సన్నటి పాయల్లాగా నాళాలు తేలేవి. ఇద్దరు ఒకేసారి చూసేలా దానికి రెండు చూపుగొట్టాలు; అలుమిత పక్కదాని దగ్గర కూర్చుని నాళాలను లెక్కపెట్టేది. పాట పాడుకుంటూ లెక్కపెట్టేది, అయినా లెక్క తప్పేది కాదు.

ఇప్పుడు ఎపెలి గురించి చెప్పాలి. ఎపెలి ఆసుపత్రి సామాన్ల గది మనిషి. ఇల్లు నౌసోరిలో. అతని పూర్వీకుల ఊరికీ అలుమిత ఊరికీ తౌవు వరస. మన బావామరదళ్ళ వేళాకోళం లాంటిదే, కాకపోతే ఊరికి ఊరంతా బావలూ మరదళ్ళూ. తౌవు మనిషి నీ ఇంట్లో ఏది నచ్చితే అది ఎత్తుకుపోవచ్చు. నువ్వు కోప్పడకూడదు. తిరిగి ఇమ్మని అడగకూడదు. అడిగితే ఊరి పరువే పోతుంది. నీ వంతు వచ్చినప్పుడు నువ్వూ దోచుకోవడమే. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య ఇదే నడిచింది. ఆమె అన్నం గిన్నె అతను ఎత్తుకుపోయేవాడు. అతని కొత్త గొడుగు ఆమె ఎత్తుకొచ్చేది. అతను ఆమె సీటు మీద కూర్చుని గురక పెట్టేవాడు. ఆమె చర్చి విందులో అతని ముందున్న పంది తలను పళ్ళెంతో సహా లాక్కుపోయింది.

ఇక మిలికా. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. అలుమిత దీవి పిల్లే, బడిలో పంతులమ్మ. ముఖద్వారం మీద చిన్న క్యాన్సర్ కనిపిస్తే ఆ ముక్క కోసి తీశారు. సోమవారం ఆ ముక్క మా గదికొచ్చింది. మంగళవారం శాయల్ దాన్ని చూస్తూ చాలాసేపు పలక కదపలేదు.

"ఒకచోట చిన్న ఖాళీ ఉంది," అంది చివరికి. "ఆ ఖాళీలో నాలుగైదు క్యాన్సర్ కణాలున్నాయి. అది లింఫ్ నాళమైతే కణాలు ప్రయాణం మొదలుపెట్టినట్టే. గర్భసంచి తీసెయ్యాలి. నాళం కాకపోతే, తీసిన ముక్కతో పని అయిపోయినట్టే."

"నాళం కాకపోతే ఆ ఖాళీ ఏమిటి?" అని అడిగాను.

జవాబు అలుమిత చెప్పింది. "పగులు. దిమ్మ చేసేముందు ముక్కలోని నీళ్ళు స్పిరిట్‌లో ఆరబెడతాం. తొందరపడితే ముక్క ముడుచుకుని లోపల పగులుతుంది. సోమవారం కరెంటు పోతూ వస్తూ ఉంటే నేనే చేత్తో గబగబా మార్చాను." ఆమె చెవి వెనక మందారం తీసి బల్ల మీద పెట్టింది. "నాళమైతే జబ్బుది. పగులైతే తప్పు నాది. దేవుడా, ఈ ఒక్కసారికి నా తప్పే అయి ఉండనీ."

మామూలు రంగుల్లో రెండూ ఒకేలా ఉంటాయి. తేల్చేది గోధుమరంగు మందే. సీసా అడుగున నాలుగు చుక్కలున్నాయి. కొత్త సీసా రావడానికి ఆరువారాలు. ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరమ్మ న్యూజీలాండ్ నుంచి ఏడాదికి రెండుసార్లే వస్తుంది. శుక్రవారం పొద్దున ఆమె జాబితా ఖాయమవుతుంది. అప్పటికి తేలకపోతే ప్రాణానికి ముప్పు రాకూడదని గర్భసంచి తీసేస్తారు.

మిలికా నడవలో బెంచీ మీద కూర్చుని మొగలాకు అల్లుతూ ఉండేది. ఒడిలో పట్టేంత చిన్న చాప. పసిపిల్లల్ని పడుకోబెట్టేది.

"ఎవరికే?" అంది అలుమిత.

"ఎవరూ లేరు పిన్నీ ఇంకా. చేతులు ఊరుకోక అల్లుతున్నా." ఒక ఆకు మడిచి, "నా ముక్క కోసేది మీరేనట కదా. చూసి కొయ్యండి. మీ అల్లిక వంకరని మా అమ్మ చెప్పేది," అంది.

"మీ అమ్మ అల్లిన చాప మీద పడుకుంటే నాకు మూడు రోజులు వీపు మీద గళ్ళు పోలేదు. ఆవిడా నాకు చెప్పేది?"

బెంచీ మీద ఇద్దరూ పడీపడీ నవ్వారు. లోపలికొచ్చాక అలుమిత ముక్కు చీదుకుంది.

బుధవారం పొద్దున మా ఫ్రిజ్ చచ్చిపోయింది. రాత్రి పిడుగులకు లోపల ఏదో కాలింది. పై అంతస్తు వాళ్ళు తమ ఫ్రిజ్‌లో చోటు ఖాళీ చేస్తామన్నారు, గంట పడుతుందన్నారు. ఆ గంటకోసం అలుమిత సీసాను జిప్పు సంచిలో పెట్టి, తన నీలం ఐసు పెట్టె అడుగున, ఐసు ముక్కల మీద దించింది. పైన పళ్ళెం, పళ్ళెంలో ఆమె మధ్యాహ్నం భోజనం: కొబ్బరిపాలు పోసి ఉడికించిన చేమాకు పొట్లాలు. తర్వాత దిమ్మ కోతకు కత్తి సిద్ధం చెయ్యడానికి లోపలికి పోయింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద పెట్టె లేదు. పెట్టె ఉన్నచోట కొరికిన కర్రపెండలం ముక్క ఒకటి ఉంది. ఎపెలి సంతకం అదే.

ఆ రోజు అతనికి సగం పూట సెలవు. నౌసోరి బస్సు ఎక్కేశాడు.

"ఫోన్ చెయ్యండక్కా!" అంది శాయల్. పరువు సంగతి అలుమిత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ చేసింది. అవతలి నవ్వు మా అందరికీ వినిపించింది.

"ఏడువు మరదలా, ఇంకా గట్టిగా ఏడువు!"

"ఒరేయ్ దొంగబావా, విను. పెట్టెలో మందుంది. క్యాన్సర్ పరీక్ష మందు."

"పోయిన ఈస్టరుకు కేకులో విరేచనాల మందుందన్నావు. మొత్తం తిన్నాను. హాయిగా నిద్రపోయాను."

"ఇది నిజం బావా. ఒట్టు."

"ఒట్టంట! ఇరవై రెండేళ్ళలో ఎంత బాగా చెప్పడం నేర్చుకున్నావే!" అని ఫోన్ ఆపేశాడు. మళ్ళీ చేస్తే మోగలేదు.

ఇరవై రెండేళ్ళు ఒకరితో ఒకరు సరదాగా అబద్ధాలాడుకున్నవాళ్ళకు, నిజం చెప్పాల్సిన రోజున ఒక్క మాట కూడా మిగలలేదు. అలుమిత ఫోన్ సంచిలో వేసుకుంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "పద. తొమాసి బస్సు ఒంటిగంటకు బయల్దేరుతుంది."

తొమాసి నడిపేది నౌసోరి బస్సే. వాన తెరలు దించిన కిటికీలు, పెద్దగా పెట్టిన పాట. అలుమిత ఎక్కుతూనే పాట ఆపేసింది.

"ఎక్కడా ఆపకుండా పోనీ."

"ఆపకపోతే ఎట్లాగే? స్టాపుల్లో జనం దిగొద్దూ?"

బస్సు కదిలాక అలుమిత వెనక్కి తిరిగి అందరికీ సంగతి చెప్పింది. ఎవరి పేరూ చెప్పలేదు. ఒక పిల్ల, ఒక చిన్న చాప, నాలుగు చుక్కల మందు, ఒక దొంగ బావ. అంతే. మూడో వరసలో బుట్ట పట్టుకున్న ముసలామె ముందుగా నోరు తెరిచింది.

"నా స్టాపు వెనకే పోయింది బాబూ. తిరిగొచ్చేటప్పుడు దింపు. పోనీ."

"నాదీ అంతే," అన్నాడు ఒకాయన.

"నాకు నౌసోరిలో పనేమీ లేదు, అయినా వస్తా. ఆ దొంగను చూడాలి," అంది ఇంకొకామె.

రేవా నది ఒడ్డున ఎపెలి ఇల్లు. అరుగు మీద అతనూ అతని భార్యా బావమరిదీ చాప వేసుకుని కూర్చున్నారు. మధ్యలో నీలం పెట్టె, మూత తీసి ఉంది. పళ్ళెంలో రెండు పొట్లాలు మిగిలాయి.

"రా మరదలా! నీకని రెండు ఉంచాం. మేం మనుషులమే!"

అలుమిత అరుగెక్కింది. వంగి పెట్టె వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి వణికింది.

ఎపెలి నవ్వు సగంలో ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదికి సీసాలూ పెట్టెలూ మోసినవాడు; ఆ చేతుల్ని చూసినవాడు.

"నీ చెయ్యి వణుకుతోంది," అన్నాడు నెమ్మదిగా. "నిజంగానే ఉందా?"

"అడుగున."

అతను పళ్ళెం పక్కకు తీసి మోచేతిదాకా పెట్టెలో ముంచాడు. ఐసు సగం నీళ్ళయింది. జిప్పు సంచి నీళ్ళు కారుతూ పైకొచ్చింది. అలుమిత దాన్ని చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "చల్లగానే ఉంది. గడ్డకట్టలేదు."

పెట్టె మూత మళ్ళీ ఎపెలే వేశాడు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా తను లేచి పెట్టెను గాల్లో పట్టుకుంటూ సువా దాకా వచ్చాడు. బస్సులో ఎవరూ అతనితో మాట్లాడలేదు. తన స్టాపులో దిగుతూ ముసలామె మాత్రం అతని నెత్తిన బుట్టతో ఒక్కటి వేసింది.

గురువారం పొద్దున గది తలుపు వేసి ఉంది. కర్ర్... టక్. నడవలో బెంచీ మీద మిలికా చాప అల్లుతోంది. పక్కన ఎపెలి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"మీరెవరు?" అని అడిగింది మిలికా.

"నీ మందు దొంగను," అన్నాడు ఎపెలి. మొత్తం చెప్పాడు. మిలికా విని, తలొంచుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "చేమాకైనా బాగుందా?" అంది.

"ఉప్పు తక్కువ."

"అంతా విన్నానురా!" అని లోపలినుంచి అలుమిత గొంతు.

దిమ్మలో మిగిలింది అర వెంట్రుక మందం. ఆమె దాన్ని నాలుగు పొరలు చేసింది. ఒక్కటీ చిరగలేదు. మందు బతికి ఉందో లేదో తెలియడానికి ముందు ఒక పాత పొర మీద ఒక చుక్క వేశారు. దాని మీద నాళాలు గోధుమరంగులో తేలాయి. బతికే ఉంది. అప్పుడు మిలికా పొర. ఇంకో పొర మీద శాయల్ తన రెండో రంగు వేసింది, ఆ పిలిచే పేజీని కణాలు చదువుతున్నాయో లేదో చూపే రంగు.

మధ్యాహ్నం మూడింటికి శాయల్ చూపుగొట్టం మీదికి వంగింది. పక్క చూపుగొట్టం దగ్గర అలుమిత. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఇదిగో నాళం, ఖాళీ," అంది అలుమిత. "ఇదొకటి, ఖాళీ. ఇది కూడా ఖాళీ. ఇక మనది..." ఆమె ఇంకా ముందుకు వంగింది. "రంగు లేదు. చుట్టూ ఎక్కడా లేదు. శాయల్, నువ్వు చూడు, నా కళ్ళు తడిశాయి."

"లేదక్కా. గోడే లేదు. అది పగులు." శాయల్ రెండో పలక పెట్టింది. "ఇక్కడా రంగు లేనట్టే. ఈ కణాలు ఆ పేజీ తెరవనేలేదు. ఎవరినీ పిలవలేదు."

అలుమిత స్టూలు మీదనుంచి దిగి, ఆ భారీ శరీరంతో గది మధ్యలో చేతులు పైకెత్తి గిర్రున తిరిగింది. "నా తప్పే! నా తప్పే! ముప్ఫై తొమ్మిదేళ్ళలో చేసిన తప్పులన్నిట్లోకీ ఇంత అందమైన తప్పు ఇంకోటి లేదు!"

బయట బెంచీ దగ్గర శాయల్ మిలికాకు నిదానంగా చెప్పింది: ఆపరేషన్ అక్కర్లేదు, జబ్బు తిరగబెడుతుందేమో చూడ్డానికి కొన్నేళ్ళు క్రమం తప్పకుండా రావాలి, మానకూడదు. మిలికా వింటూ వింటూ చాపను ఛాతీకి హత్తుకుంది. ఏడ్చింది మాత్రం ఎపెలి. శుక్రవారం జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసిన కాగితం నేనే టైపు చేశాను. ఆ గదిలో నేను టైపు చేసిన కాగితాల్లో నాకిష్టమైనది అదే.

నెలాఖరుకు అలుమిత పదవీ విరమణ చేసింది. పొగడ్తల సభలో ఆమె కుర్చీని ఎపెలి ఎత్తుకుపోతే నిలబడే పొగడ్తలు విన్నది. మర్నాడు ఒవలావ్‌కు ప్రయాణం. మిలికా చిన్న చాప పూర్తయింది; అంచుకు రంగు ఊలు కుచ్చులు కుట్టడం మిగిలింది. అది పిన్ని చేతి పని అని మిలికా ముందే ఖాయం చేసింది. పిల్ల ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ అడగలేదు. ఎర్ర ఊలు, పసుపు ఊలు మాత్రం ఒక సంచెడు కొన్నారు.

పొద్దున్నే తొమాసి బస్సు ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. చెవి వెనక మందారం, చంకలో ఊలు సంచి. కిటికీ తెర పైకి ఎత్తి అలుమిత నన్ను పిలిచింది. నీలం పెట్టె నా చేతుల్లో పెట్టింది. బరువుగా, ఇంకా వెచ్చగా ఉంది. మూత సందులోంచి కొబ్బరిపాల వాసన.

బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టి అరిచింది.

"ఫ్రిజ్ పక్కన పెట్టు అమ్మాయ్! ఎపెలి వస్తే ఇందులో మందుందని చెప్పు. ఈసారి నమ్ముతాడు. దాన్ని చూస్తూ ఆకలితో మధ్యాహ్నం దాకా కూర్చోనిచ్చి, అప్పుడు మూత తియ్యి. ఉప్పు సరిగ్గా వేశానని చెప్పు!"